మిల్లు గ్రీన్ టీకి నేను పెట్టని సంతకం

కరోనా సద్దుమణిగాక వచ్చిన పత్తి సీజనులో నన్ను చిలకలూరిపేట దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. మా పరిధిలో ఒక జిన్నింగు మిల్లు ఉండేది, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు. అక్కడి ఆడకూలీలకు రక్తపరీక్ష చేసి, రక్తం తక్కువున్నవాళ్లకు ఐరన్ మాత్రలు ఇవ్వడం మా డ్యూటీ. మాత్రలు ఇంటికిస్తే గూట్లోనే ఉండిపోతాయి. అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఏఎన్ఎమ్ దగ్గరుండి మింగించేది.

మిల్లులో పత్తి ఏరే నాగమణికి ఏడో నెల. ఒక్కరోజూ మాత్ర మానలేదు, అయినా రక్తం పెరగలేదు. అలాగే కాన్పుకు వెళితే కాస్త రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుంది. నాకు భయం పట్టుకుని, ఒకరోజు భోజనాల వేళకు నేనే మిల్లుకు వెళ్లాను.

చూద్దును కదా, అందరూ గ్రీన్ టీతో మాత్ర మింగుతున్నారు. మాత్ర లోపలికి పోతే చాలని మా ఏఎన్ఎమ్ కూడా ఊరుకుంది. యజమాని సాంబశివరావుగారికి షుగరు. గ్రీన్ టీతో ఒళ్లు తేలికపడిందని కూలీలకూ పాలటీ మాన్పించి అదే పోయిస్తున్నారట. ఇదేమిటని నాగమణిని అడిగాను.

“బోరునీళ్లు ఒకటే ఉప్పండీ, మాత్ర దిగదు. టీతో అయితే జారిపోద్ది. పైగా ఒంటికి మంచిదన్నారుగా!”

మంచిదే. కానీ టీలోని వగరు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వదు. పాలటీ అయినా అంతే. ఆ సంగతి చెబుదామని వెళితే సాంబశివరావుగారు నాకో బోర్డు చూపించారు. ‘రక్తం పెంచే గ్రీన్ టీ’ అని రాయించి, కింద నా సంతకానికి చోటు వదిలారు. పెట్టనన్నాను. ఉచితంగా పోయిస్తుంటే మీకేం నొప్పి అన్నారు. సాయంత్రానికి పై అధికారి ఫోను. సాంబశివరావుగారు మన కేంద్రానికి ఫ్యాన్లిచ్చిన పెద్దమనిషి, సర్దుకోండి, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అయితే ఎలా అన్నారు. నాకు ఒళ్లు మండింది. కావాలంటే బదిలీ చేసుకోండి, సంతకం మాత్రం పెట్టనని చెప్పాను.

మర్నాడు మంచినీళ్ల క్యాను, నిమ్మకాయలు పట్టుకుని మిల్లుకు వెళ్లాను. మాత్ర నిమ్మనీళ్లతో, టీ సాయంత్రం అని అందరి ముందూ చెప్పాను. సాంబశివరావుగారు గుమ్మంలోనే నిలబడి, టీ ఎప్పుడు తాగాలో మిల్లువాళ్లం చెబుతామన్నారు. కూలీలంతా తలలు దించుకున్నారు. నాగమణి మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

“కాన్పు నాకండీ, మీకు కాదు” అని నిమ్మనీళ్లు అందుకుంది.

నెల తిరిగేసరికి ఆమె రక్తం పెరగడం మొదలైంది. రక్తం ఎక్కించే పని లేకుండానే కాన్పు అయింది. నా బదిలీ ఉత్తర్వు కూడా రాలేదు.

గ్రీన్ టీ నేనూ రోజూ తాగుతాను, భోజనానికీ మాత్రకూ దూరంగా. ఫలానాది ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా సంతకం అడిగితే ఎవరికి, ఎప్పుడు అని డాక్టరు ఎదురడగాలి. జవాబు రాకపోతే పెన్ను జేబులోంచి తీయకూడదు.