రెండు చిన్న బొక్కలు, ఒక ఒడి

ఆగి ఉన్న ట్రాక్టరు మీదనుంచి దిగుతూ రంగసామి నాయుడు కింద పడ్డాడు. ఇంజను ఆపే ఉంది. బ్రేకు వేసే ఉంది. పంచె అంచు గేరు కడ్డీకి చిక్కుకుని పైనే ఉండిపోయింది, నాయుడొక్కడే దిగాడు. దారిలో మడ్‌గార్డు తగిలి ఎడమవైపు పక్కటెముకలు నాలుగు విరిగాయి. పంచెకేమీ కాలేదు.

నాయుడిది ఉడుమలైపేట పక్కన కొబ్బరితోట. వయసు నలభై ఎనిమిది. కోయంబత్తూరు ఆసుపత్రిలో చూడవచ్చినవాళ్ళకు ఆయన పొద్దున చెప్పిన కథలో ట్రాక్టరు నడుస్తోంది. మధ్యాహ్నం చెప్పిన కథలో అది బోల్తా కూడా పడింది.

ఆయన అసలు దిగులు ఎముకల గురించి కాదు. ఇంకో ఆరు వారాల్లో చెల్లెలు సరణ్య కూతురు నిత్యకు చెవులు కుట్టాలి. పిల్ల మేనమామ ఒడిలో కూర్చోవాలి. సొంత మేనమామ ఈయనే. ఈయన లేవకపోతే ఆ చోటు పెదనాన్న కొడుకు రాఘవేంద్రన్‌కు పోతుంది. పరామర్శకు వస్తూ దారిలోనే అతను పట్టుచొక్కాకు కొలతలిచ్చి వచ్చాడు.

"నువ్వు రెస్టు తీసుకో అణ్ణా. పాపను నేను చూసుకుంటాను. ఒడి ఎవురిదైనా ఒకటే కద."

"నీ ఒడిలో నీ పొట్ట కూర్చోనుండాది. పాపకు చోటేది రా?" అన్నాడు నాయుడు. నవ్వబోయి "అమ్మా!" అని పక్క పట్టుకున్నాడు.

డాక్టరు చారులత వచ్చి విడమరచి చెప్పింది. పక్కటెముకలు విరిగితే చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు. ఈయనవి పక్కకు జరిగాయి కాబట్టి లోహపు పట్టీలు బిగించాలి. పాత పద్ధతిలో జానెడు కోసి, కండ పక్కకు తీసి, కళ్ళతో చూస్తూ బిగిస్తారు. కొత్త పద్ధతిలో రెండు చిన్న కోతలు, ఒక కెమెరా. ఇది అందరికీ కుదరదు, విరిగిన చోటును బట్టి ఉంటుంది. నాయుడికి కుదురుతుంది. నొప్పి తగ్గవచ్చు, త్వరగా లేవవచ్చు, కానీ ఖాయమని రాసివ్వలేనంది.

నాయుడు ఆలోచనలో పడ్డాడు. ఒడికి చిన్న కోత కావాలి. బోల్తా పడ్డ ట్రాక్టరు కథకు పెద్ద మచ్చ కావాలి.

"డాక్టరమ్మా, లోపల చిన్నగా చేసి, పైన మాత్రం పెద్దగా ఒక గీత పెట్టేదానికి అవుతుందా?"

"గీత కావాలంటే పెన్నుతో గీస్తాను."

భార్య సౌందరం ఇంక ఆగలేకపోయింది. "సుమ్మా ఊరుకోండి! ట్రాక్టరు నిలిచే ఉండె. గేరునుంచి పంచె విప్పింది నేనే."

రాఘవేంద్రన్ దగ్గాడు. నాయుడు చిన్న కోతకు సంతకం పెట్టాడు.

ఆరు వారాలకు, డాక్టరు సరేనన్నాక, ఎడమ పక్కన దిండు పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. తొమ్మిది కిలోల నిత్యను ఒడిలో పెట్టారు. కంసాలి ఆచారి మొదటి చెవి కుట్టగానే పాప సరిగ్గా పట్టీలున్న చోటే తన్నింది. రెండో చెవికి ఇంకోసారి తన్నింది. నాయుడు కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూనే ఉన్నాడు, పాపను మాత్రం వదల్లేదు. రాఘవేంద్రన్ కొత్త పట్టుచొక్కాలో రసం వడ్డించాడు.

భోజనాలయ్యాక బంధువులు మచ్చ చూడ్డానికి వరస కట్టారు. ముందు నిలబడింది ఆండిపట్టి నుంచి వచ్చిన కుప్పమ్మాళ్ అత్త. నాయుడు చొక్కా ఎత్తాడు. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూసింది.

"రెండు బస్సులు మారి, ఆపిల్ పండ్లు మోసుకొని వచ్చినానే, ఈ రెండు చిన్న బొక్కలు చూసేదానికా రా?"

"పాప చెవులకూ రెండు చిన్న బొక్కలే కద అత్తా, దానికి మున్నూరు మందికి విందు పెట్టలేదా?"