మూపురం కొండ దాకా గ్రావెల్ దారి

నా చిన్నప్పుడు మా అక్కుపల్లిలో మగాళ్ళెవరికీ సైకిలు తొక్కడం రాదు. పెద్ద అలలో తెప్పని నిలబెట్టగల మనిషి సైకిలెక్కితే పది గజాలు పోయి జీడితోటలో పడేవాడు. ఇసకలో పుట్టి ఇసకలో పెరిగినవాడికి సైకిలెందుకు మరి? నేను నేర్చుకున్నాను. కాశీబుగ్గలో జీడిపప్పు పనికెళ్ళేదాన్ని, మా ఊరి బస్సు ఎప్పుడొస్తుందో ఆ బస్సుకే తెలీదు. పడ్డాను, లేచాను, మోకాళ్ళు చెక్కుకున్నాను. "ఆడగుంటకి సైకిలేటి" అన్న ప్రతివాడికీ ఆగి మరీ సమాధానం చెప్పాను. నాకు నోరెక్కువంటారు. ఉండనీండి. నోరు లేనిదానికి దారెవడిస్తాడు?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా వైపు ఊరూరికీ గ్రావెల్ రోడ్డు వేశారు. అంతకు ముందు బండిజాడలే. ఎర్రటి గ్రావెల్ మీద సైకిలు తొక్కడం తారురోడ్డు మీద తొక్కినట్టు కాదు. చక్రాలు తిరిగి తిరిగి నున్నబడిన గీత ఒకటుంటుంది, దాన్ని వదిలితే గులకరాళ్ళు చక్రాన్ని పక్కకి లాగేస్తాయి. మడ్‌గార్డు గలగలమంటూనే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా దుమ్ముకి ఎర్రగా ఉండేవి. అయినా సెలవు దొరికితే చాలు, కొత్త రోడ్డు ఎక్కడ వేశారో చూసి రావాలనిపించేది. పలాస దాటి పడమటికి పోతుంటే కొబ్బరి తగ్గి, జీడి తగ్గి, వరి వస్తుంది. ఆ వరి వెనక కొండలు మొదలవుతాయి. నేను ఎప్పుడూ అక్కడి దాకా వెళ్ళి భయపడి వెనక్కి తిరిగేదాన్ని. ఎందుకు భయమంటే చెప్పలేను. అంత పెద్దవాటి ముందు ఒక్కదాన్నే నిలబడడం నా వల్ల కాలేదు.

మా అయ్యని గురించి చెప్పాలి. తెప్ప మీద ఆయన పని గురి చూసి దారి చెప్పడం. సముద్రం లోపలికి పోయాక ఒడ్డు సన్నగా గీతలా మిగులుతుంది. ఆ గీత మీద మా ఊరి తాటితోపు, దాని వెనక దూరంగా కొండ. పడుకున్న ఎద్దులా ముందు ఒక మూపురం, వెనక పొడుగాటి వీపు. మా వాళ్ళు దాన్ని మూపురం కొండ అంటారు. తోపు మీద సరిగ్గా మూపురం కూర్చుంటే ఎదురుగా మా ఊరే. ఎడమకి జరిగిందా, దక్షిణానికి కొట్టుకుపోయినట్టు. వేట ముగించి వస్తుంటే ఆ మూపురం కనిపించగానే తెప్ప మీదున్న వాళ్ళంతా చెయ్యెత్తి కళ్ళకద్దుకుంటారు. 'దూరపు కొండలు నునుపు' అని ఊరికే అంటారు గానీ, మా వాళ్ళకి దూరపు కొండే ఇంటి గుమ్మం.

ఒక ఆషాఢంలో ముసురు కమ్మింది. తెప్ప మీద మా అయ్యతో మరో ఇద్దరున్నారు. కొండ లేదు, తోపు లేదు, ఆకాశం కూడా లేదు. ఆయన అంచనా కొద్దీ ఒక దిక్కు చూపించాడు. అది తప్పింది. ఒరిస్సా ఒడ్డున ఎక్కడో తేలారు. ఎవరికీ ఏమీ కాలేదు, లారీలు పట్టుకుని ఇంటికొచ్చారు. కానీ ఆ రోజు నుంచి మా అయ్య తెప్ప ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని పక్కవాళ్ళ వలలు బాగుచేసేవాడు. తెప్పలు వెళ్ళేటప్పుడు తలెత్తేవాడు కాదు. అన్నం కూడా సగమే తినేవాడు. సముద్రం మానేసిన మనిషి ఇంట్లో అలా ఉంటే చూడడం నావల్ల కాలేదు. ఆయన మళ్ళీ వేటకి వెళ్ళకపోతే ఇక మనిషిగా మిగలడని నాకు గట్టిగా అనిపించింది.

"ఏటయ్యా నీ బాద?" అని ఒక రోజు నిలదీశాను.

"కొండ నా మీద అలిగినాది గుంటా. ఇన్నేళ్ళు మొకం సూపించినాది, ఆ దినం దాచీసినాది. నానేటి తప్పు సేసినానో తెలీదు."

"అలిగితే ఎల్లి అడుగుదాం. సైకిలున్నాది గదా."

ఆయన నా మొహంలోకి అదోలా చూశాడు. మా ఊళ్ళో ఆ కొండ దగ్గరికి వెళ్ళినవాడు లేడు. వెళ్ళాలని కూడా ఎవరికీ తోచలేదు.

మా అమ్మకి మాత్రం నచ్చలేదు. "ఆ టైరు సూడు, అరిగిపోనాది. ఎండకి మనిసికి కళ్ళు తిరిగితే ఎవులు మోత్తారు? కార్తీకం పోనీ, సూద్దాం" అంది. ఆవిడ దేనికైనా ఏదో ఒకటి అంటుందని నేను పట్టించుకోలేదు. చోడంబలి సీసాలో పోసుకుని, ఒక కొబ్బరికాయ సంచిలో వేసుకుని, కార్తీకంలో ఒక తెల్లవారుజామున అయ్యని క్యారేజీ మీద ఎక్కించుకుని బయల్దేరాను.

క్యారేజీ మీద కూర్చున్న మనిషి ఊరుకుంటేనా? తెప్పని నడిపినట్టు నన్ను నడిపాడు. ఎడమకి పోవాలంటే ఎడమ భుజం మీద తట్టేవాడు, కుడికైతే కుడి భుజం. పలాస దాటాక రోడ్డు చీలినచోటల్లా నేను ఎవరినైనా అడుగుదామంటే ఒప్పుకోడు. "అడగడమెందుకు? కొండ కనబడతన్నాది గదా, దాని కేసే పోనీ."

సముద్రం మీద కొండ కేసి చూస్తే అదే దారి. నేల మీద కొండ కేసి పోతే మధ్యలో వరిచేను, నీళ్ళు పారే గెడ్డ, ముళ్ళకంచె, ఎవరిదో కళ్ళం. గ్రావెల్ రోడ్డు చక్కగా ఎడమకి తిరుగుతుంటే ఆయన కుడి భుజం మీద తట్టాడు. నేను కూడా బుద్ధిలేక తిప్పాను. గట్టు మీద సైకిలు నడిపించుకుంటూ, మోకాళ్ళ దాకా బురదలో దిగుతూ పోయి పోయి చివరికి ఒక పెద్ద చెరువు ముందు తేలాం. ఇక పోవడానికి దారి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేటి తెప్పనుకున్నావేటి? సైకిలయ్యా ఇది" అని అరిచాను.

ఆయన వినలేదు. చెరువు వైపు చూస్తూ నిలబడిపోయాడు. నేనూ తిరిగి చూశాను, ఇక అరవలేకపోయాను. రెండు కొండల నడుమ ఆ నీళ్ళు కదలడం లేదు. ఒక్క అల లేదు. కొండలు రెండూ తలకిందులుగా నీళ్ళలో ఉన్నాయి, చెట్టు చెట్టూ కనిపిస్తోంది. అవతల గట్టు దగ్గర తెల్లటి కొంగలు, వాటి కింద వాటి నీడలు. పుట్టి బుద్ధెరిగి నీళ్ళంటే కేకలు పెట్టేవే చూశాం మేము. ఇంత నీరు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మా అయ్యకి తెలీదు, నాకూ తెలీదు. ఆయన దిగి దోసిలితో తీసుకుని నోట్లో పోసుకున్నాడు.

"తియ్యగున్నాది గుంటా" అన్నాడు మెల్లిగా, గుళ్ళో మాట్లాడినట్టు.

గట్టు మీద మేకలు కాస్తున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి దగ్గరకొచ్చింది. ఎక్కడికని అడిగింది. మూపురం కొండకి అన్నాం.

"ఏ కొండ?"

"మూపురం కొండమ్మా."

"అలాటి కొండ ఇక్కడ లేదు నాయినా. ఇక్కడన్నీ కొండలే, దేనికెళ్తారు?"

మా అయ్య వేలెత్తి చూపించబోయి ఆగాడు. చూపించడానికి ఏమీ లేదు. దగ్గరకొచ్చే కొద్దీ చిన్న కొండలు ముందుకొచ్చి పెద్దదాన్ని కప్పేశాయి. ఆయన మొహం తెప్ప మానేసిన నాటి మొహంలా అయిపోయింది. నాకు భయమేసింది. ఈ మనిషిని ఇంకా పాడు చేసి ఇంటికి తీసుకెళ్తానేమో అనిపించింది. చెరువు చుట్టూ గ్రావెల్ రోడ్డు ఉంది, అటు తిరిగితే ఏదైనా కనిపిస్తుందని ముసలామె చెప్పింది. అయ్యని సైకిలెక్కించాను.

ఆ రోడ్డుని నేను మరచిపోలేను. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కొండ మొదలు. ఎత్తొచ్చినప్పుడు ఇద్దరం దిగి తోసుకుంటూ వెళ్ళాం. చెరువు చివర దాకా వెళ్ళి మలుపు తిరిగేసరికి మా మూపురం ఎదురుగా నిలబడి ఉంది. మూపురం మాత్రమే ఉంది. ఎద్దు లేదు. అది ఒక మామూలు కొండ, దాని మీద మేకలు తిరుగుతున్నాయి. మేము వీపు అనుకున్నది దానికి ఎంతో వెనక, నీలంగా, మబ్బుల్లో తల దూర్చి ఉన్న వేరే మహా కొండ. మహేంద్రగిరంటే అదేనని దారిన పోయేవాళ్ళు చెప్పారు. రెండింటి మధ్య ఒక లోయ. లోయలో వరి కోతకొచ్చి పచ్చగా పసుపుగా ఉంది. ఊళ్ళున్నాయి, వాటిలోంచి పొగ లేస్తోంది. మరో చెరువుంది. ఒక గ్రావెల్ రోడ్డు సన్నగా ఎర్రగా ఆ వెనక కొండ దాకా పోతోంది.

మూపురానికీ వీపుకీ మధ్య ఇంత లోకముంది. మా తాతలూ ముత్తాతలూ దండం పెట్టిన ఆ ఎద్దు కడుపులో మనుషులు కాపురాలు చేస్తున్నారు. నాకు ఒళ్ళంతా పులకరించింది. ఏడుపొచ్చింది కూడా, ఎందుకో తెలీదు. ఎప్పుడూ భయపడి వెనక్కి తిరిగేదాన్ని, ఆ రోజు ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

మా అయ్య రాయి మీద కూర్చున్నాడు. చాలాసేపు ఈ కొండనీ ఆ కొండనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆషాఢం తర్వాత ఆయన నవ్వడం అదే.

"అలగడానికి అది ఒక్క కొండయితే గదా" అన్నాడు. "ఇవి రెండు. దీని ఊసు దానికి తెలీదు. మన ఒడ్డున నిలబడితే, మన నీటి మీదకెళ్తే కలిసి ఎద్దవుతాయి. ఇక్కడోళ్ళకి ఆ ఎద్దు లేదు గుంటా. అది మనకే ఉన్నాది."

"మరి ఆ దినం ఏటయినాది?"

"ముసురు పట్టినాది, అంతే. ముసురు పడితే ఎవుడికి కనబడతాది?"

కొబ్బరికాయ ఏ కొండకి కొట్టాలో తేలలేదు. చెరువుగట్టు మీద రాయికి కొట్టి ముసలామెకి సగం ఇచ్చాం, మిగతాది అంబలితో తిన్నాం.

వచ్చేటప్పుడు ఆయన క్యారేజీ మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నా వీపుకి వీపు ఆనించి కొండల్నే చూస్తూ వచ్చాడు. వాటి వెనక పొద్దు దిగుతోంది. నేను ముందు చూడాలి గనక నాకేమీ కనిపించదు, ఆయనే చెబుతూ వచ్చాడు. ఇంకా కలవలేదన్నాడు. పలాస దాటాక దగ్గరకొత్తన్నాయన్నాడు. మా జీడితోటల్లోకి వచ్చాక ఒక్కసారి నా భుజం మీద తట్టాడు. సైకిలాపి తిరిగి చూశాను. ఎర్రటి ఆకాశం మీద ఎద్దు పడుకుని ఉంది, మూపురం, వీపు, అంతా ఒకటే. దాని లోపలి ఊళ్ళు చూసొచ్చిన కళ్ళతో చూశాను. అలాంటి సాయంత్రం నా జీవితంలో ఇంకొకటి లేదు.

మర్నాడు తెల్లారకముందే మా అయ్య లేచి తెడ్డు తీసుకున్నాడు. తెప్ప మీది వాళ్ళు జరిగి ఆయన చోటు ఆయనకిచ్చారు. అలలు దాటి తెప్ప పోతుంటే నేను ఒడ్డున నిలబడి గర్వంతో పొంగిపోయాను. నా పక్కన మా అమ్మ ఉంది. సంబరపడుతుందనుకుని తిరిగి చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏటమ్మా, ఎల్లినాడు గదా. ఇంకేటి?"

ఆవిడ తెప్ప మీద నుంచి చూపు తియ్యలేదు.

"పెళ్ళయిన కాడ్నుంచి" అంది, "ఈ ఆషాఢం తరవాతే గుంటా, నాను రేత్రి కంటి నిండా నిద్రపోనాను."

మా అమ్మ ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించింది. తెప్ప తిరిగొచ్చే దాకా ఏమీ తినలేదు.