నాలుగు దాటాక నీళ్లు

ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరై, ఇంట్లో పడి ఉన్నదాన్ని పిలిచి నాకొక పని అప్పజెప్పారు. వృద్ధుల సంరక్షణలో ఏమేం మార్చాలో తేల్చడానికి తిరువళ్లూరులో ఒక కమిటీ వేశారట. తిరుత్తణి దాకా ఉన్న వృద్ధాశ్రమాలకు వెళ్లి, ముసలివాళ్లను చూసుకునే ఆయాల అనుభవాలు రాసుకురావాలి. నాకు అరవం, తెలుగు రెండూ వచ్చు కాబట్టి నన్ను ఎంచుకున్నారు. చేతికిచ్చిన ఫారం చూడగానే నాకు ఒళ్లు మండింది. ‘తాగునీటి వసతి: ఉంది, లేదు.’ అన్నీ ఇలాంటి ప్రశ్నలే. అయినా టిక్కులు పెట్టుకుంటూ తిరిగాను.

తిరుత్తణి దగ్గర ఒక ఆశ్రమంలో పదహారు మంది ఆడవాళ్లున్నారు. నేను వెళ్లేసరికి సాయంత్రం ఐదైంది. కిటికీ పక్క మంచం మీది పెద్దామె నేను అడిగినవాటన్నిటికీ అరవంలో చక్కగా జవాబు చెప్పింది. అన్నం బాగుందంది, ఆయాలు బంగారమంది. నేను లేవబోతుంటే కొంగు పట్టుకుని, గొంతు తగ్గించి తెలుగులో అడిగింది.

"రవంత నీళ్లు ఇయ్యమ్మా."

వరండాలో కుండ నిండుగా ఉంది. దానికి టిక్కు అప్పటికే పెట్టేశాను కూడా. గ్లాసు ముంచుతుంటే ఆయా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి, మాలాగే మగ్గం నేసే తెలుగువాళ్ల ఇంటి మనిషి.

"ఇప్పుడు ఇయ్యగాకక్కా. నాలుగు దాటితే మేం నీళ్లు ఇయ్యం."

"ఏం, మీ అబ్బ సొమ్మేమన్నా పోతాదా?" అన్నాను. నా నోరు ఎప్పుడూ నా చెప్పుచేతల్లో లేదు.

ఆమె ఎదురు తిట్టలేదు. "మేమేం రాక్షసులమా అక్కా? రాత్రికి పదహారు మందికీ ఒకే ఆయా. ఒకామెకి గుడ్డ మారుస్తాంటే ఇంకొకామె తానే లేచి బాత్రూముకి పోతాది. పోయిన నెల అట్ల పోయి ఒకామె జారిపడి తుంటి విరగ్గొట్టుకునింది. తడిలోనే పండుకుంటే పుండ్లు పడతాయి. ఏమైనా మమ్మల్నే కదా అనేది? ఇంకొక మనిషిని పెట్టమని అడిగి అడిగి నోరు నొచ్చింది."

నా ఫారం వైపు చూసి మళ్లీ అంది. "నేను చెప్పినానని యాడా రాయగాకక్కా. ఈ పని పోతే నాకి వేరే గతి లేదు."

రాయనని మాటిచ్చాను. పెద్దామెకు అర గ్లాసు పట్టించాను. ఆయా అడ్డు చెప్పలేదు, ఆమె నడుము కింద ఇంకో గుడ్డ మడిచి పెట్టింది.

తిరుగు రైల్లో ఆ ఆయా మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆమె చేసిన పనే నేనూ చేశాను.

అమ్మ చివరి రెండేళ్లు నా దగ్గరే ఉంది. పగలంతా డ్యూటీ చేసి వచ్చి, రాత్రి మూడుసార్లు లేచి చీర మార్చడం నా వల్ల కాలేదు. నర్సునై ఉండి, సాయంత్రం కాగానే చెంబు ఆమెకు అందకుండా పెట్టేదాన్ని. మొదట్లో అడిగేది. పొద్దున ఇస్తాలేమ్మా అనేదాన్ని. కొన్నాళ్లకు అడగడం మానేసింది. అలవాటైందని సంతోషించాను. జ్వరం వచ్చి మాట తడబడినప్పుడు, నీళ్లు సరిగ్గా తాగుతోందా అని డాక్టరు అడిగారు. తాగుతోందని చెప్పాను. తల్లిని చూసుకుంటే నాలా చూసుకోవాలని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.

కమిటీ ముందు నా వంతు వచ్చింది. ఆశ్రమాల్లో రాత్రిపూట రెండో ఆయా ఉండి తీరాలి, లేకపోతే ముసలివాళ్లకు నీళ్లు ఆపేస్తున్నారు అని చెప్పాను. గదిలో ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు.

"ఎక్కడ జరిగిందో చెప్పకపోతే రిపోర్టులోకి ఎక్కించలేమమ్మా," అన్నారు అధికారి. "ఏ ఆశ్రమం?"

తిరుత్తణి పేరు నాలుక దాకా వచ్చింది. చెబితే ఆమె పని ఊడుతుంది. చెప్పకపోతే ఆ రెండో మనిషి రాదు.

"ఆశ్రమం కాదు సార్. అత్తిమంజేరిపేటలో మా ఇల్లు. నీళ్లు ఇవ్వనిది నేనే. నర్సుని, రాత్రికి నేనొక్కదాన్నే."

ఆయన రాస్తూ రాస్తూ తలెత్తారు. "ఎవరికమ్మా ఇవ్వనిది?"

"మా అమ్మకు," అన్నాను. "రాసుకోండి."