కట్టు కింద పచ్చ చుక్కలు

గాలి సోకిందనీ దయ్యం పట్టిందనీ ఎవరైనా మొదలుపెడితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. గూడూరులో మా ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే దర్గా నుంచి తాయెత్తు తెచ్చేవాళ్ళు. నేను థర్మామీటర్ పెట్టి మాత్ర వేసేదాన్ని. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

గూడూరు నుంచి వెళ్తే చిట్టమూరు దాటాక, సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. పచ్చగా వెలిగే ఒక ప్రోటీన్‌ను, గుంపుగా చేరే గుణమున్న ఇంకో ప్రోటీన్‌తో జోడించడం నా పని. ఆ జోడు ప్రోటీన్‌ను కణమే తయారు చేసుకునేలా దాని జన్యువును లోపలికి పంపుతాం. కుదిరితే అది కణం లోపల చారు మీద నూనె చుక్కల్లా గుండ్రంగా తేలుతుంది. రెండు చుక్కలు తగిలితే కలిసి ఒకటవ్వాలి. అప్పుడే అది ద్రవమని నమ్ముతాం.

ఎనిమిది నెలలు కుదరలేదు. ఒకసారి కణమంతా పచ్చగా పరుచుకునేది, ఇంకోసారి కలవని గడ్డలు కట్టేది. రెండు ప్రోటీన్ల మధ్య అతుకు ముక్క పొడవు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. ఈసారీ రాకపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు.

ఆఖరి ప్రయత్నం రోజే అమ్మకు గూడూరులో కంటి ఆపరేషన్. ఉదయం శుక్లం తీసి, కట్టు కట్టి, ఇంటికి పంపారు. రెండో కంటిలో శుక్లం ముదిరిపోయి, దానికి వెలుగూ చీకటీ తప్ప తెలియవు. నేను వెళ్ళలేదు. వదిన నసీమా తోడుంది.

మధ్యాహ్నం మూడు దాటింది. మైక్రోస్కోప్ గదిలో లైట్లు ఆర్పి నేనూ, మిషన్లు చూసుకునే భాస్కర్ గారూ తెర ముందు కూర్చున్నాం. ఐదు సెకన్లకొక ఫొటో పడుతోంది. ఒక కణంలో చుక్కలు కనిపించాయి. గుండ్రంగా, స్పష్టంగా.

అప్పుడే వదిన ఫోన్ చేసింది. చేతులకు గ్లోవ్స్ ఉన్నాయి కాబట్టి భాస్కర్ గారే స్పీకర్ నొక్కారు.

“మీ అమ్మకు ఏందో కనపడతా ఉందంట, నువ్వే మాట్లాడు” అని అమ్మకిచ్చింది.

“పాపా, కట్టు కింద పచ్చ చుక్కలు కనపడతా ఉండాయి” అంది అమ్మ.

నాకు ముందు తట్టింది రెటీనా ఊడిందేమోనని. ఆపరేషన్ తర్వాత మెరుపులు కనిపిస్తే ప్రమాదమని చదివాను. ఎన్ని కనపడుతున్నాయని అడిగాను.

“పన్నెండు. రెండు దగ్గరికొస్తా ఉండాయి. ఆ... కలిసిపోయినాయి.”

తెర మీద రెండు చుక్కలు కలిసి ఒకటయ్యాయి. భాస్కర్ గారు ఫోన్ వైపు చూశారు.

“ఇప్పుడు కింద ఉండేవి కలుస్తాయి చూడు” అంది అమ్మ.

తెర మీద కిందివి ఇంకా విడివిడిగానే ఉన్నాయి. ఒక ఫొటో పడింది. రెండోది పడింది. కలిశాయి.

అమ్మకు నా పని గురించి “ల్యాబు” అన్న మాట తప్ప ఏమీ తెలియదు. నేను చుక్కల లెక్కను పట్టుకున్నాను. మొదట మా తెర మీద ఉన్నవి పదకొండే. అమ్మ పన్నెండంది. కాబట్టి ఇది కాకతాళీయం. ఆ మాట పైకే అన్నాను. భాస్కర్ గారు జూమ్ తగ్గించారు. ఎడమ అంచున, అదే కణంలో, ఇంకొకటి ఉంది.

“మేడం, ఆమెకు ఎవురు చెప్తా ఉండారు?” అన్నారు చాలా మెల్లగా.

అంతలో అమ్మ గొంతు మారింది. “పాపా, అన్నీ చెదిరిపోతా ఉండాయి. ఆరిపోతా ఉండాయి. నాకు భయమేస్తా ఉంది.”

ఫోన్ కట్టయింది. తెర మీద చుక్కలు చెక్కుచెదరలేదు. గ్లోవ్స్ పీకేసి మళ్ళీ చేశాను, ఎత్తలేదు. నాలుగోసారి చేస్తుండగా కణం ముడుచుకుంది. చుక్కలు ఒక్కొక్కటే కరిగి, పచ్చదనం పలచబడి, పోయింది.

కణం చచ్చిపోయింది. ఇలాంటి చావులు వేలు చూశాను. ఆ రోజు మాత్రం అన్నీ అక్కడే వదిలేసి లేచాను.

భాస్కర్ గారి బండి మీద గూడూరుకు బయలుదేరాను. దారంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు. ఇంటికి తాళం. ఆసుపత్రికి పరిగెత్తాం. అమ్మ బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. వదిన కంగారులో ఫోన్ ఇంట్లో వదిలేసి ఆటోలో తీసుకొచ్చిందట. డాక్టర్ కట్టు విప్పి చూసి, లెన్సు సరిగ్గా ఉందని, రెటీనాకు ఏమీ కాలేదని చెప్పారు. కొందరికి ఇలాంటివి కనిపిస్తాయట. అమ్మ నా ముఖం తడిమి, “యాడికీ పోలేదులే పాపా” అంది. అక్కడే ఏడ్చేశాను.

తర్వాత ఆ ఫొటోలు తీసిన కంప్యూటర్ గడియారాన్ని నా ఫోన్‌తో సరిచూశాను. ఎనిమిది సెకన్ల తేడా ఉంది, ఏది ముందో వాటితో తేలదు. అయినా అమ్మ ముందు చెప్పడం, తెర మీద తర్వాత జరగడం మేమిద్దరం చూశాం. ప్రయోగం చాలాసార్లు మళ్ళీ కుదిరింది, ప్రాజెక్టు నిలిచింది. చుక్కలు కలిసిన ప్రతిసారీ అమ్మకు ఫోన్ చేసి ఏం చేస్తున్నావని అడిగాను. ఎప్పుడూ ఏదో ఇంటి పనే చెప్పేది.

ఆరు నెలల తర్వాత రెండో కంటికి ఆపరేషన్ చేయించాం. ముందు రోజే ల్యాబుకు ఫోన్ చేసి, రేపు ఒక్క కణం కూడా మైక్రోస్కోప్ కింద పెట్టొద్దని చెప్పాను. భాస్కర్ గారు మిషనే ఆపేసి ఉంచారు. ఆపరేషన్ రోజు సాయంత్రమంతా కట్టు కట్టిన అమ్మ పక్కనే కూర్చున్నాను. కట్టు కింద చీకటి తప్ప ఏమీ లేదంది.

అమ్మ కంటికి మళ్ళీ కట్టుండగా అసలు సంగతి తేల్చుకోవడానికి నాకు దొరికిన ఒకే ఒక్క రోజు అది. పరిశోధకురాలినై ఉండి, దాన్ని కావాలనే పోగొట్టుకున్నాను. ఆ రోజు మళ్ళీ వచ్చినా మిషను ఆపించే ఉంచుతాను.