సన్యాసమ్మత్త అట్టల వెనుక అంకెలు

సన్యాసమ్మత్త అస్తమించారన్న దుర్వార్త గత నెల ఒక ఉదయం, హిందీ ప్రాంతంలోని మా రైల్వే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పిడుగులా పడింది. నేను నమ్మలేదు. ఆవిడ తమ్ముడు ఫోను చేస్తే "డాక్టరు రెండోసారి చూశాడా?" అని అడిగాను. ఆవిడ శిష్యులం మరి. ఏ ఫలితాన్నీ మళ్ళీ సరిచూడనిదే అంగీకరించం.

కంప్యూటరు ఒక హాలంత ఉండే కాలంలో, వంతెనల మీద పడే బరువులను దానిచేత లెక్కకట్టించిన గణితవేత్త ఆవిడ. పదవీ విరమణానంతరం తమ్ముడి ఇంట ఉంటూ, కాలనీలో సగం మంది పిల్లలకు లెక్కలంటే భయం పోగొట్టారు. మిగతా సగానికి తానంటే భయం పుట్టించారు.

"ఠక్కున వచ్చిన జవాబును కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏ దారిన వచ్చావమ్మా అని అడగాలిరా" అనేవారు. పాలవాడి పాలనూ, వాతావరణ వార్తలనూ, నా కథలనూ ఒకే అనుమానపు చూపుతో చూసేవారు. ఒకసారి నా కొత్త క్యాలిక్యులేటరుతో పోటీకి కూర్చుని, ఆరు నిమిషాలు ఆలస్యంగా అదే జవాబు తేల్చి, "పాపం, నిజమే చెప్పింది" అన్నారు.

కర్మకాండ ముగియగానే తెలుగు సంఘం స్మారక ప్రదర్శనకు పూనుకుంది. దొరికినవి ఒక ఫోటో, ఒక పెట్టెడు చిల్లుల అట్టలు. ఆ రోజుల్లో యంత్రానికి లెక్క చెప్పేది ఆ చిల్లులతోనే. ఫోటోలో ఆవిడ పై అధికారి యంత్రం పక్కన, దాన్ని తానే కన్నట్టు నిలబడి ఉన్నాడు. అత్త వంతుకు అంచున అర భుజం. వంతెన లెక్కల రూపకర్త ఆయన, సహాయకురాలు ఈవిడ అని కింద అచ్చు.

సంఘం కార్యదర్శి ప్రకాశ్ ప్రదర్శన చీటీ మీదా అదే రాయబోయాడు.

"పని మొత్తం అత్తదే" అన్నాను.

"సబూత్ చూపించు అన్నా. వానొస్తోందని నువ్వంటే నేను గొడుగు కూడా తెరవను."

"రుజువుకి అట్టలున్నాయిగా!"

"ఆమె సర్దిందేమో, ఎవరికి తెలుసు? పైగా వెనకాల అంచుల నిండా ఈ ముగ్గులేంటి? అంచులు కట్ చేసేస్తా, సాఫ్‌గా ఉంటాయి."

కత్తెర తెరుచుకున్న చప్పుడు పక్క జిల్లా దుర్గ్ స్టేషను దాకా వినిపించి ఉంటుంది. పరామర్శకు పక్క పేట గుఢియారీ నుంచి వచ్చిన అత్త చిన్ననాటి స్నేహితురాలు, పైడమ్మ మామ్మ, వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆగరా! ముగ్గులేటి నీ మొహం! ఇవి తెలుగంకెలు. హిందీ బళ్ళో సదివినోళ్ళు, మీకేటి తెలుస్తాది?"

మామ్మ కళ్ళజోడు తుడుచుకుని చదవసాగింది. యంత్రం చేయవలసిన ప్రతి లెక్కనూ అత్త ముందుగా చేత్తో కట్టుకున్నారు. అనుమానం వచ్చినచోట కొట్టేసి, మళ్ళీ కట్టారు. నేను అట్ట తిప్పి పోల్చి చూస్తే, ముందువైపు చిల్లులు పడిన అంకెలు ఆ దిద్దిన లెక్క ప్రకారమే ఉన్నాయి. తెలుగు ముక్క రాని ఆ అధికారి రాతలు కావవి.

ప్రకాశ్ అప్పటికీ నమ్మలేదు. వరసగా నలభై అట్టలు చదివించాడు. ఇంటికెళ్ళి నాలుగు వందలని చెప్పాను.

"సర్దినోళ్ళకి తప్పెక్కడుందో ఎలా తెలుస్తాదిరా బాబూ?" అంది మామ్మ.

ప్రకాశ్ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "చీటీ నువ్వే రాయి అన్నా."

రాశాను. భారతావని గర్వకారణం, గణక గణిత గంగోత్రి, అపర సరస్వతి... పదకొండు విశేషణాలు. రాసి, ఆవిడ బదులు నేనే ఒక్కొక్కదానికీ ఋజువు అడిగాను. ఒక్కొక్కటే కొట్టేశాను. చివరికి మిగిలింది: "రూపకర్త: సన్యాసమ్మ".

నా జన్మలో పిసరంతైనా పెంచకుండా రాసినది అదొక్కటే. దాన్ని సరిచూసేందుకు ఆవిడ లేరు.