చేతుల మీద నులక అచ్చు

మనవరాలి కంప్యూటర్ బాగుచేయడానికి బుక్కరాయసముద్రం నుంచి వచ్చిన ఆ పిల్ల, పని మధ్యలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పనికి వచ్చి చేతులు దాచుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

తెర మీద బొమ్మ చారలు చారలుగా చీలిపోతోంది. మనవరాలు గీసిన ఇంటి ప్లాన్ సాయంత్రంలోగా పంపకపోతే, దానికి దొరికిన మొదటి పని చేజారుతుంది. కంప్యూటర్ల అంగడాయన కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనమన్నాడు.

"ఎందుకవ్వా దుడ్లు దండగ? బొమ్మ చూపించేది మదర్‌బోర్డులోనే ఉండాది. డ్రైవర్ కొత్తది వేసినా కుదరలేదు. బోర్డును నడిపించే ప్రోగ్రాం, బయోస్ పాతది, దాన్ని మారుస్తాండా. నడమ కరెంటు పోతే మాత్రం బోర్డు చచ్చిపోతాది," అంది ఆ పిల్ల.

మా ఊళ్లో కరెంటును నమ్మేదెవరు? అయినా మొదలుపెట్టి, నులక మంచం మీద అలా కూర్చుంది. కాసేపటికి తెర నల్లబడింది. పని అయిపోయిందనుకుని, కరెంటు ఊరికే కాలుతోందని నేను స్విచ్చి దగ్గరికి పోయాను.

"అవ్వా, ముట్టద్దు! నా చేతులే నేను కట్టేసుకోని కూచున్నా!"

విత్తనం వేసి మబ్బుకేసి చూసే మా ఆయన కూడా ఏనాడూ అంత నిమ్మళంగా కూర్చోలేదు.

తెర వెలిగింది. ప్లాన్‌లోని గీతలు నూలు పట్టినట్టు నిలబడ్డాయి. అంతసేపూ పక్కనే ఏడుస్తున్న మనవరాలు దాన్ని పంపింది.

"ఏం గుండె పాపా నీది! రవ్వంత భయం లేదే," అన్నాను.

ఆ పిల్ల నవ్వి చేతులు బయటికి తీసింది. వాటి మీద నులక అచ్చు ఎర్రగా, లోతుగా దిగి ఉంది.