పొగ రాని స్కూటరు

మా పక్కింటి డ్రాయింగు మాస్టారు పోయారు. పామర్రులో బావమరిది ఇంటికని వెళ్ళిన మనిషి, రాత్రి పడుకుని తెల్లారి లేవలేదట. బస్సు కండక్టరు చేత కబురు పంపారు. నేను వెళ్ళేసరికి చర్చిలో ప్రార్థన అయిపోయి, సమాధి మీద మట్టి కూడా పోసేశారు. ఆఖరి చూపు దక్కలేదన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు.

మీలో విజయవాడ వాళ్ళు ఆయన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. సైడ్‌కారు తగిలించిన పాత స్కూటరు, అందులో మంగళగిరి చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒకావిడ. ఆవిడే మాస్టారి భార్య. ఉబ్బసం మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. బస్సు ఎక్కలేదు, రిక్షా కుదుపు పడదు. అందుకని ఆవిడ కోసం సైడ్‌కారు పెట్టించారు. ఆ బరువుకి స్కూటరు కాలవ వంతెన ఎక్కనని మొరాయించింది. అప్పుడు ఆటోనగర్‌లో లేతు మిషను మీద సిలిండరు లోపలి బోరు పెద్దది చేయించి, ఏదో మోటారుసైకిలు కార్బొరేటరు తెచ్చి దానికి బిగించారు. బండికి బలం వచ్చింది, దాంతోపాటు పొగా వచ్చింది. అసలే పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే ఇంజనాయె. రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు, ఆ పొగంతా ఆవిడ మీదికే వచ్చేది.

అక్కణ్ణించి మా వీధికి శిక్ష మొదలైంది. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు ఆయన ఆవిణ్ణి సైడ్‌కారులో కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు పట్టుకుని కార్బొరేటరు దగ్గర గొంతుకూర్చునేవారు. ఆ ఒక్కరోజూ కాస్త ఆలస్యంగా లేద్దామనుకునే నేను మనసులో తిట్టుకునేవాణ్ణి. మెకానిక్కులు ఇంజను చప్పుడు విని, ప్లగ్గు రంగు చూసి స్క్రూ తిప్పుతారు. ఈయన చూపు మాత్రం భార్య మొహం మీద ఉండేది. ఆవిడ దగ్గితే స్క్రూ తిప్పి, పెట్రోల్లో కలిసే గాలి ఒక పిసరు పెంచేవారు.

"ఇప్పుడెలా ఉంది?"

"పర్లేదండీ."

"పర్లేదంటే కుదరదు. బాగుందనాలి."

బాగుందనేదాకా అక్కణ్ణించి లేచేవారు కాదు.

గాలి పెరిగి పెట్రోలు తగ్గితే పొగ తగ్గే మాట నిజమే, కానీ ఇంజను కాగిపోతుంది. అది ఆయనకి తెలియక కాదు. ఆవిడ చెల్లెలి పెళ్ళికని పామర్రు వెళ్తుంటే మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద పిస్టను పట్టేసింది. వెనక సీటు మీద నేనూ ఉన్నాను. కిక్కు కొడదామంటే కడ్డీ కదలదు. ఆవిడ తుమ్మచెట్టు నీడన కూర్చుని, "నాకోసం ఇంజను పాడుచేసుకోకండి. పొగొస్తే కొంగడ్డం పెట్టుకుంటాగా" అంది.

మాస్టారు కాలిన చేతిని చొక్కాకి తుడుచుకుంటూ, "ఇంజను పోతే మళ్ళీ బోరు చేయిస్తా. నీ ఊపిరితిత్తులకి బోరు చేసే లేతు ఎక్కడుందో చెప్పు" అన్నారు.

గడ్డిబండి ఎక్కి మేము చేరేసరికి పెళ్ళి అయిపోయింది, భోజనాలు ఆఖరి బంతిలో ఉన్నాయి. అయినా ఆవిడ చెల్లెలి చెయ్యి పట్టుకుని, "దారిలో ఒక్కసారి కూడా దగ్గలేదే" అని గొప్పగా చెప్పుకుంది. అప్పుడు మాస్టారి మొహం చూడాలి, పెళ్ళికొడుకు దిగదుడుపే.

ఇంజను బోరు చేయించారు. అది మళ్ళీ పట్టేసింది. అయినా ఆయన గాలి తగ్గించలేదు. నాకు ఒళ్ళు మండి, "మీది ఉత్త చాదస్తం మాస్టారూ" అని మొహం మీదే అన్నాను.

"చాదస్తమేనండీ. హాయిగా ఊపిరాడేవాళ్ళకి అలాగే ఉంటుంది" అని నవ్వేశారు.

పోయినేడు మంచు పడే రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఆవిడ ఊపిరి ఆగిపోయింది. ఇది పొగ వల్ల కాదు, ఇన్నేళ్ళ ఆయాసానికి గుండె అలిసిపోయిందని డాక్టరు విడమరిచి చెప్పాడు. ఈయన వింటేగా. సమాధుల తోటలో నా చెయ్యి పట్టుకుని, "ఇంకో పిసరు గాలి ఇచ్చుండాల్సిందండీ" అన్నారు. ఎంత సర్దిచెప్పినా అదే మాట. అంత ప్రేమకి అంత శిక్ష ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత ఆదివారాలు మా వీధి చప్పుడు లేకుండా తెల్లారేది. తీరా అంత నిశ్శబ్దం వచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

ఆయన పామర్రు వెళ్ళే ముందు ఒక సాయంత్రం రైల్వే గేటు దగ్గర కనిపించారు. గేటు వేసి ఉంది. స్కూటరు వెనక నుంచి దట్టంగా పొగ. సైకిళ్ళ వాళ్ళు ముక్కులు మూసుకుని గొణుక్కుంటున్నారు. నేను దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, పొగ బాగా వస్తోందండీ. స్క్రూ చూసుకోలేదా?" అన్నాను.

ఆయన పక్కకి చూశారు. సైడ్‌కారులో కూరల సంచి ఉంది.

"నేనే గాలి తగ్గించానండీ. రానీండి. ఇంజనన్నా నాలుగు రోజులు బతుకుతుంది."

గేటు లేచింది. ఆయన పట్టాలు దాటి జనంలో కలిసిపోయారు. ఆ పొగ మాత్రం చాలాసేపు అక్కడే తచ్చాడింది. నేను ముక్కు మూసుకోలేదు.